తాతయ్య డాల్డా డబ్బాలో తల లేని మట్టిబొమ్మలు: దేవతలా, ఆటబొమ్మలా?

మలక్‌పేట మధు (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఈ ఫోరంలో చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పని పని పడింది.

మలక్‌పేటలో మా పాత ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నాం. అటక ఖాళీ చేస్తుంటే తాతయ్య ట్రంకుపెట్టె అడుగున ఒక డాల్డా డబ్బా దొరికింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోతే స్క్రూడ్రైవర్ పెట్టి లేపాను. లోపల దూదిలో చుట్టిన నాలుగు మట్టి వస్తువులు, ఒక చీటీ. చీటీ మీద నీలం సిరాతో తాతయ్య గుండ్రటి అక్షరాలు: "కోటగడ్డ. వానలు వెలిశాక." అంతే. తేదీ లేదు. తాతయ్య బడిపంతులు. చాలాకాలం సంగారెడ్డి వైపు ఊళ్ళలో పనిచేశారు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

మొదటిది ఆడబొమ్మ. నా చిటికెన వేలంత ఉంటుంది. తెల్లటి మట్టి, లోపల గుల్ల. తల లేదు, కుడిచెయ్యి లేదు, నడుము కింద ఏమీ లేదు. మెడలో హారం మాత్రం జొన్నగింజలు పేర్చినట్టు స్పష్టంగా ఉంది. రెండోది ఎద్దు. మూపురం ఉంది, మూడు కాళ్ళు లేవు. నల్లమట్టి, గోటితో గీస్తే పొడి రాలుతోంది. మూడోది ఏమిటో నాకు తెలియదు. పళ్ళెం మూల విరిగినట్టుంది. లోపలి గోడకి మూడు చిన్న మెట్లు, గోడ అంచు మీద వేలిగోరంత ప్రమిదలాంటిది అతికించి ఉంది. నాలుగోది పాత పావలా సైజు బిళ్ళ. ఎవరిదో ముఖం, బాగా అరిగిపోయింది. పైన బెజ్జం ఉన్నచోట విరిగింది.

ఇవి పూజకి చేసినవా, పిల్లల బొమ్మలా, ఇంకేదైనానా? అమ్మ ఒకటే గొడవ, "తల తెగిన బొమ్మ ఇంట్లో ఉండకూడదు, పొద్దున్నే మూసీలో కలిపేసి రా" అని. ఫోటోలు పెట్టాను.

చార్మినార్ చాయ్

కోటగడ్డ అంటే మన కొండాపూర్‌లోనా, ఆర్టీఓ ఆఫీసు పక్కనా అన్నా? అక్కడ మట్టి ఎక్కడుంది, అంతా అపార్ట్‌మెంట్లే కదా.

పెంకుల పంతులు

ఆ కొండాపూర్ కాదు బాబూ. సంగారెడ్డి దాటాక వచ్చే కొండాపూర్. అక్కడి దిబ్బని ఊళ్ళో కోటగడ్డ అంటారు. 1940 నుంచి 1942 వరకు నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో తవ్వింది. శాతవాహనుల కాలపు ఊరు. నాణేలు, పూసలు, గాజు, ఇటుక గోడలు, బోలెడన్ని మట్టిబొమ్మలు దొరికాయి. దిబ్బ దగ్గరే మ్యూజియం ఉంది.

మధుగారూ, ముందు ఒక మాట. మూసీలో కలపొద్దు. నీళ్ళతో కడగొద్దు. బ్రష్ పెట్టి రుద్దొద్దు. అతికించొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మలక్‌పేట మధు

పంతులుగారూ, కాస్త ఆలస్యమైంది. ఎద్దు కాలు ఒకటి డబ్బాలోనే ఉంటే నిన్న రాత్రే ఫెవిక్విక్‌తో అతికించేశాను. కడగడం మాత్రం చేయలేదు, ఒట్టు.

పెంకుల పంతులు

సరే, అయిందేదో అయింది. ఇక ముట్టుకోకండి.

కడగొద్దు అని ఎందుకన్నానంటే, మొహెంజొదారో ఆడబొమ్మల్లో కొన్నిటికి తలకి రెండువైపులా చిన్న గిన్నెల్లాంటివి ఉంటాయి. వాటిలో నల్లటి మసి కనిపించింది కాబట్టే అక్కడ నూనో, ధూపమో వెలిగించి ఉంటారన్న ఊహకి ఆధారం దొరికింది. తవ్వినవాళ్ళు శుభ్రంగా తోమి పెట్టి ఉంటే అవి ఉత్త తలపాగా అలంకారాలు అనుకునేవాళ్ళం. మీ మూడో ముక్క మీదున్న ప్రమిదని దగ్గరగా ఫోటో తీయండి. ఫ్లాష్ వద్దు, కిటికీ దగ్గర పక్క వెలుతురులో పెట్టండి.

నిజాంపేట్ నాని

తెల్లమట్టి ఆడబొమ్మ అంటే అమ్మతల్లే, డౌటే లేదు. తల కావాలనే కొట్టేశారు. దండయాత్రలప్పుడు జరిగిన పనే ఇది.

గిలక్కాయ

నానిగారూ, డౌటే లేదు అన్నచోటే నాకు డౌటు మొదలవుతుంది.

ఈ అమ్మతల్లి సంగతి ఒక పెద్ద కథ. ఎక్కడ ఆడబొమ్మ దొరికినా మాతృదేవత అని రాసేయడం చాలాకాలం నడిచింది. 1960ల్లో పీటర్ అకో అనే ఆయన ఈజిప్టు, క్రీటు బొమ్మల్ని పట్టుకుని "ఇందులో దేవత ఎక్కడుందో చూపించండి" అని అడిగాడు. ఈమధ్యకాలపు సమాజాల్లో మట్టిబొమ్మల్ని దేనికి వాడతారో కూడా వెతికాడు. పిల్లలు ఆడుకోవడానికి, మంత్రతంత్రాలకి, ఈడొచ్చిన పిల్లలకి విషయాలు నేర్పడానికి, ఇలా రకరకాలుగా తేలింది. అన్నిటికీ దేవత అనే ఒక్క జవాబు చెల్లదు.

టర్కీలో చాతాల్‌హుయుక్ అని తొమ్మిది వేల ఏళ్ళ నాటి ఊరుంది. రెండు మృగాల మధ్య కూర్చున్న లావాటి స్త్రీ బొమ్మ 1961లో దొరికింది, చాలా పుస్తకాల మీద కనిపిస్తుంది. ఆ తల మనకాలం వాళ్ళు చేసి పెట్టింది. దొరికినప్పుడు తల లేదు. దొరికింది కూడా గుడిలో పీఠం మీద కాదు, ధాన్యం గాదెలో. తర్వాత అదే ఊళ్ళో మళ్ళీ ఏళ్ళ తరబడి తవ్వితే వచ్చిన బొమ్మల్లో ఎక్కువ భాగం జంతువులు, అవీ చెత్తకుప్పల్లో. దేవతని చెత్తకుప్పలో వేస్తారా?

చార్మినార్ చాయ్

వేస్తారు అన్నా. వినాయక చవితి తర్వాత హుస్సేన్‌సాగర్ ఒడ్డుకి వచ్చి చూడు. పదకొండు రోజులు హారతి పట్టినోడికి పన్నెండో రోజు జేసీబీయే దిక్కు.

గిలక్కాయ

ఇదిగో, ఇది మంచి దెబ్బ. ఒప్పుకుంటున్నా. చెత్తలో దొరికింది కాబట్టి దేవుడు కాదనడం కూడా తప్పే. పూజ ఉన్నన్నాళ్ళే దేవుడు, ఉద్వాసన చెప్పాక మట్టి.

మధుగారి అమ్మగారు మూసీలో కలపమంటున్నారు చూడండి, అదీ ఇలాంటిదే. రెండు వేల ఏళ్ళ తర్వాత ఎవరో మూసీ ఇసకలోంచి ఈ బొమ్మ తీసి, "ఇది నదీదేవతకి అర్పించిన మొక్కుబడి బొమ్మ" అని రాస్తారు. రాసేవాళ్ళ తప్పేమీ ఉండదు. ఇటు అమ్మగారు కూడా సరిగ్గానే చేసినట్టు.

కుమ్మరి సారె

నేను కూకట్‌పల్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, కానీ పుట్టింది కుమ్మరి ఇంట్లో. మా నాన్న ఇప్పటికీ సారె తిప్పుతాడు. ఫోటోలు ఆయనకి వాట్సాప్‌లో పంపి అడిగాను. ఆయన చూసే పద్ధతి వేరు. దేవతా, బొమ్మా అని అడగడు. "ఎట్ల జేసిండ్రు, ఎట్ల గాలింది, ఎక్కడ వలిగింది" అని అడుగుతాడు.

ఆడబొమ్మ పక్కటెముకల వైపు సన్నటి గీత నిలువుగా కనిపిస్తోంది. అది అతుకు. ముందు భాగం ఒక అచ్చు, వెనక భాగం ఒక అచ్చు, రెండూ కలిపి జారుమట్టితో అతికించారు. గుల్ల ఎందుకంటే, లోపల దట్టంగా మట్టి ఉంటే ఎండదు, తడి లోపలే ఉండిపోయి ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, పేలుతుంది. గుల్ల చేసినా గాలి పోవడానికి ఎక్కడో ఒక బెజ్జం ఉండాలి. అది ఈ ముక్కలో లేదు కాబట్టి పోయిన భాగంలో ఉండి ఉంటుంది.

ఇక తల సంగతి. మెడ సన్నం, తల బరువు, పైగా అతుకు అక్కడిదాకా వస్తుంది. కింద పడితే ముందు పోయేది మెడే. మా ఇంట్లో సంక్రాంతి బొమ్మలు పగిలితే పదింటిలో ఏడెనిమిది మెడ దగ్గరే. దానికి దండయాత్ర అక్కర్లేదు, మా చెల్లెలు చాలు.

పెంకుల పంతులు

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. కొండాపూర్ ఆడబొమ్మలకి పేరు తెచ్చినది సరిగ్గా ఇదే. కేయోలిన్ అనే తెల్లమట్టి, జంట అచ్చు, లోపల గుల్ల, జుట్టు ముడులూ నగలూ ఎంతో ఓపికగా చెక్కిన అచ్చులు. మహారాష్ట్రలోని తేర్‌లోనూ ఇదే తరహా బొమ్మలు దొరికాయి. శాతవాహనుల ఊళ్ళ మధ్య వర్తకులు తిరిగేవాళ్ళు, అచ్చులూ వాళ్ళతో తిరిగి ఉండొచ్చు.

అచ్చు అనగానే ఇంకో సంగతి. అచ్చుతో చేస్తే ఒకటి కాదు, వందలు చేస్తారు. కొనేవాళ్ళున్నారన్నమాట. కొన్నవాళ్ళందరూ ఒకే పనికి కొన్నారని చెప్పలేం. కొండపల్లి బొమ్మని ఒకరు కొలువులో పెడతారు, ఒకరు షోకేసులో పెడతారు, ఒకరి ఇంట్లో పిల్లాడు దాని చెయ్యి కొరికేస్తాడు.

మలక్‌పేట మధు

ఇప్పుడే ఆడబొమ్మని చెవి దగ్గర పెట్టి ఊపాను. లోపల గలగల అంటోంది! గిలక్కాయేమో అనిపిస్తోంది. పిల్లల బొమ్మ అని తేలిపోయినట్టేనా?

పెంకుల పంతులు

ఊపకండి స్వామీ!!

కుమ్మరి సారె

గిలక్కాయ అయితే లోపల మట్టి గుండ్లు వేసి మూస్తారు. మీదానికి పైనా కిందా రెండూ తెరిచే ఉన్నాయి, గుండ్లుంటే ఎప్పుడో రాలిపోవాలి. బహుశా లోపల ఎండిన మట్టిగడ్డ ఉంటుంది, లేదా అతుకు దగ్గర నొక్కిన మట్టి పెచ్చు ఊడి ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి చూడండి, పుల్ల పెట్టకండి.

మలక్‌పేట మధు

చూశాను. మీరన్నదే నిజం, ఎర్రమన్ను గడ్డ ఒకటి అటూ ఇటూ దొర్లుతోంది. కానీ ఇంకోటి కనిపించింది. అతుకు వెంబడి లోపలివైపు ఎవరో వేలితో నొక్కిన గుంటలు. నాలుగున్నాయి. ఒకదాంట్లో వేలిముద్ర గీతలు కూడా తెలుస్తున్నాయి. చాలా చిన్న వేలు. ఐదు నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఈ బొమ్మ చేసింది చిన్నపిల్లా?

గిలక్కాయ

చెక్ దేశంలో డోల్నీ వెస్తోనీత్సె అనే చోట 1925లో దొరికిన ఆడబొమ్మ ఉంది, పాతిక వేల ఏళ్ళకి పైబడింది. ప్రపంచంలో కాల్చిన మట్టివస్తువుల్లో చాలా పాతవాటిలో ఒకటి. దాని వీపు మీద వేలిముద్ర ఒకటి దొరికితే, అది పదేళ్ళు అటూఇటూగా ఉన్న పిల్లదో పిల్లాడిదో అని లెక్కగట్టారు. అయితే ఆ పిల్లే చేసిందని కాదు, కాల్చకముందు పట్టుకుందని మాత్రమే.

అక్కడే ఇంకో తమాషా. ఆ చోట జంతువుల బొమ్మలు వేల ముక్కలుగా దొరికాయి. 1989లో కొందరు శాస్త్రవేత్తలు ఆ పగుళ్ళు పరీక్షించి, తడిమట్టిని నిప్పుల్లో వేసి కావాలనే పేలేలా చేశారేమో అన్నారు. అంటే బొమ్మ చేయడం కంటే అది ఢామ్మని పేలడమే అసలు తంతు అన్నమాట.

కుమ్మరి సారె

ఇది నాన్నకి చదివి వినిపించాను. పడీపడీ నవ్వాడు. "పని రానోడు గాలిస్తే గట్లనే పేల్తది బిడ్డా, దానికి శాస్త్రం ఎందుకు" అన్నాడు.

వేలిముద్ర గురించి కూడా చెప్పాడు. మట్టి ఎండినప్పుడు కొంత, కాలినప్పుడు కొంత ముడుచుకుంటుంది. పదో వంతు వరకూ తగ్గొచ్చు. కాబట్టి ముద్ర అసలు వేలికంటే చిన్నగానే కనిపిస్తుంది. పైగా అలాంటి ఇరుకు చోట నొక్కేది వేలి కొసతోనే. పిల్లవేలు అని అప్పుడే అనుకోకండి. మా ఇంట్లో లోపలి అతుకులు నొక్కే పని మా నాయనమ్మది.

గద్వాల కోడలు

ఎద్దు గురించి ఎవరూ మాట్లాడలేదేం? నేను మాట్లాడతా.

మా అత్తగారి ఊరు గద్వాల పక్కన. అక్కడ జ్యేష్ఠ అమావాస్యకి మట్టెద్దుల అమావాస్య చేస్తారు. చెరువులోంచి నల్లమట్టి తెచ్చి ఇంటింటా ఎద్దులు చేస్తారు, జోడుగా. కొమ్ములకి రంగు, మెడలో దారం, ముందు మేత వేసే మట్టి గాడి ఒకటి. పూజ చేసి, నైవేద్యం పెట్టి, విత్తనాలు బాగా మొలవాలని మొక్కుతారు. సాయంత్రమయ్యేసరికి పిల్లలు వాటిని ఎత్తుకుపోయి వాకిట్లో దున్నిస్తుంటారు. మా చిన్నోడు ఒకసారి దీపం ఇంకా ఆరకముందే ఎద్దు కాలు విరగ్గొట్టాడు. మా అత్త ఏమీ అనలేదు, "దున్ని దున్ని అలసిపోయింది లే" అంది. నాలుగు వానలు పడితే అన్నీ కరిగి మన్నైపోతాయి.

అందుకే మీ "పూజకా, ఆటకా" అనే ప్రశ్న నాకు అర్థం కాలేదు. పొద్దున పూజకి, సాయంత్రం ఆటకి. ఒక్కటే ఎద్దు.

గిలక్కాయ

అమ్మా, దండం. ఇంత చిన్న పోస్టులో ఇంత పెద్ద మాట చెప్పేశారు.

శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో మట్టిబండి గుర్తొచ్చింది. చారుదత్తుడి కొడుకు బంగారు బండి కావాలని ఏడుస్తుంటే మట్టిబండి ఇచ్చి ఊరుకోబెట్టాలని చూస్తారు. వసంతసేన తన నగలన్నీ తీసి దాన్నిండా పోస్తుంది. ఆ నగలే చివరికి చారుదత్తుడి మీద నేరానికి సాక్ష్యం అవుతాయి. ఒకే బండి ఆటబొమ్మ, నగలపెట్టె. ఆ బండి మాత్రమే తవ్వకంలో దొరికితే పక్కన ఏం రాస్తాం?

పెంకుల పంతులు

గద్వాల అమ్మ చెప్పినది ఒప్పుకుంటూనే ఒక బ్రేకు వేస్తున్నా. ఈనాటి ఆచారం ఆనాటి ఆచారానికి సాక్ష్యం కాదు. మనకి ఊహని ఇస్తుంది, రుజువుని ఇవ్వదు. మధ్యలో రెండు వేల ఏళ్ళున్నాయి.

ఎద్దుబొమ్మలు దక్కన్‌లో కొత్త రాతియుగం నుంచీ ఉన్నాయి, పశువులే ఆస్తి అయిన కాలం నుంచి. కానీ మధుగారూ, మీ ఎద్దు గోటితో గీస్తే రాలుతోందన్నారు. అంటే కాల్చలేదు. కాల్చని మట్టి దిబ్బ పైపొరలో, వానల్లో, అన్నేళ్ళు నిలవడం కష్టం. ఇంటి నేల కింద మూసిన చోట అయితే నిలుస్తుంది. పూణె జిల్లా ఇనాంగావ్‌లో అలాగే నిలిచింది, మూడు వేల ఏళ్ళకి పైబడి. నేల కింద మట్టిపెట్టె, దాంతోపాటు తల లేని ఆడబొమ్మ, ఒక ఎద్దు. ఆడబొమ్మ పొట్టలో బెజ్జం, ఎద్దు వీపులో బెజ్జం. పుల్ల గుచ్చితే ఆమె ఎద్దు మీద నిలబడుతుంది. అన్నీ కాల్చనివే. ఆ ఆడబొమ్మ తల విరగలేదు, అసలు చేయలేదు! అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరి అనే దేవత రాతిబొమ్మని చూసినవాళ్ళకి తల బదులు తామర ఉండటం తెలుసు. కాబట్టి తల లేదంటే విరిగిందా, పెట్టలేదా అన్నది ముందు తేల్చుకోవాలి. మీ తెల్లబొమ్మకి మాత్రం మెడ దగ్గర గరుకు విరుపు స్పష్టంగా ఉంది, అది విరిగినదే.

నిజాంపేట్ నాని

మధు బ్రో, ఇవన్నీ సరే, రేటు ఎంత పలుకుతుంది? నాకు తెలిసినవాళ్ళు ఒకరు

మోడరేటర్

నానిగారి పోస్టులో మిగతా భాగం తీసేశాం. ఇక్కడ కొనుగోలు, అమ్మకం మాటలు వద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి కళావస్తువులు పురావస్తువులే. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం నేరం, దేశం దాటించడం ఇంకా పెద్ద నేరం. టెర్రకోట శిల్పాలు ఇంట్లో ఉంటే రిజిస్టర్ చేయించుకోవాలి. మధుగారు దాచిపెట్టకుండా అడుగుతున్నారు, ఆయన్ని భయపెట్టకండి.

మలక్‌పేట మధు

భయపెట్టకండి అంటూనే టెన్షన్ పెట్టేశారు సార్. రేపు పురావస్తు శాఖ వాళ్ళకి ఫోన్ చేస్తాను. అమ్మే ఉద్దేశం నాకెప్పుడూ లేదు.

మూడో ముక్క దగ్గరి ఫోటో పెట్టాను. ప్రమిద లోపల నల్లగా ఉంది, మసో మురికో తెలియట్లేదు.

బతుకమ్మ బిడ్డ

సిద్దిపేట నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉంటున్నా. ఆ మెట్ల ముక్క చూసి ఒక్క క్షణం ఆగిపోయాను. మా చిన్నప్పటి బొడ్డెమ్మ!

బతుకమ్మకి ముందు తొమ్మిది రోజులు పెళ్ళికాని ఆడపిల్లలం బొడ్డెమ్మ ఆడతాం. పుట్టమన్ను తెచ్చి పీట మీద మెట్లు మెట్లుగా కడతాం. కొన్ని ఊళ్ళలో పైకి కట్టరు, నేలలో గుంట తవ్వి, లోపలికి మెట్లు తీసి, బావిలాగ చేస్తారు. దాన్ని బాయి బొడ్డెమ్మ అంటారు. చుట్టూ పూలు పెట్టి, దీపం పెట్టి, తిరుగుతూ పాటలు పాడతాం. చివరిరోజు నీళ్ళలో కలుపుతాం. పళ్ళెంలాంటి గోడ, లోపలికి మెట్లు, అంచు మీద దీపం... ఇదీ అలాంటిదే ఏమో?

పెంకుల పంతులు

ఈ పోలిక ఇంతకుముందు నాకు తట్టలేదు, నిజంగా. తక్షశిల మొదలుకొని ఉత్తరాదిన చాలాచోట్ల చిన్న మట్టి తటాకాలు దొరికాయి. పళ్ళెంలాంటి అడుగు, గోడలు, లోపలికి దిగే మెట్లు, గోడల మీద దీపాలు, పక్షులు, ఒక్కోసారి మధ్యలో చిన్న గుడి. తక్షశిల తవ్విన జాన్ మార్షల్ వాటిని బెంగాల్ ఆడపిల్లల యమపుకుర్ వ్రతంతో పోల్చాడు. కార్తీకంలో వాకిట్లో బుల్లి చెరువు తవ్వి, నీళ్ళు పోసి, చుట్టూ మట్టిబొమ్మలు పెట్టి చేసే వ్రతం. అక్కడా ఆడపిల్లలే, అక్కడా గుంటే, అక్కడా నీళ్ళే.

కానీ మన చేతిలో ఉన్నది ఒక మూల. ఒక్క మూలతో చెరువు అనలేను. ఇంటి నమూనా కావచ్చు, దీపపు దిమ్మె కావచ్చు. మెట్లు లోపలికి దిగుతున్నాయా, బయటికి ఎక్కుతున్నాయా? విరిగిన అంచుల్లో ఏది పాతదో చూడండి. పాత విరుపులో మట్టి పేరుకుని రంగు మారి ఉంటుంది, కొత్త విరుపు తాజాగా ఉంటుంది.

మలక్‌పేట మధు

మెట్లు లోపలికే దిగుతున్నాయి. విరుపులు రెండు. ఒకటి మట్టి పట్టి నల్లబడింది. రెండోది ఎర్రగా, మధ్యలో బూడిదరంగు చార.

కుమ్మరి సారె

ఆ చార అంటే లోపలిదాకా సరిగ్గా కాలలేదన్నమాట, గాలి అందలేదు. తాజా విరుపు నాగలిదో, గడ్డపారదో, లేక డబ్బాలో కొట్టుకున్నదో. డబ్బా అడుగున పొడి, చిన్న పెచ్చులు ఉంటే పారేయకండి.

గిలక్కాయ

మేరీ వోయిట్ అనే పురావస్తు పండితురాలు ఒక దారి చూపించింది. బొమ్మ ముఖం చూడకండి, ఎలా చేశారు, ఎంత అరిగింది, ఎక్కడ పడేశారు, ఈ మూడూ చూడండి అని. ఆరాధించే బొమ్మ అయితే గట్టిగా, శ్రద్ధగా చేస్తారు. ఒక్కసారి మంత్రానికి వాడేదైతే గబగబా చేసి, పని కాగానే పారేస్తారు, అరుగుదల ఉండదు. పిల్లల బొమ్మ చేతుల్లో నలిగి నలిగి అరుగుతుంది, ఇంటి చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతుంది.

ఇప్పుడు మధుగారి వస్తువులకి మొదటి రెండూ చూడగలం. మూడోదానికి తాతగారి చీటీ ఒక్కటే దిక్కు. "వానలు వెలిశాక" అంటే కోతపడిన గట్టు మీద ఏరుకుని ఉంటారు. ఏ ఇంట్లో, ఏ మూల, పక్కన ఏముంది అన్నది ఎప్పటికీ తెలియదు. దిబ్బ మీద షికారుకెళ్ళినవాళ్ళు ఏదీ జేబులో వేసుకోవద్దని నేను గొడవ పెట్టేది అందుకే. తాతగారిని తప్పుపట్టడం లేదు, ఆ రోజుల్లో అందరూ ఏరినవాళ్ళే.

చార్మినార్ చాయ్

ఇది దీనికోసమే అని రాసిపెట్టిన బొమ్మ ఒక్కటైనా ఉందా లోకంలో?

గిలక్కాయ

ఉంది. ఉత్తర ఇరాక్‌లో నినెవే రాజభవనంలో ఐదు బుల్లి మట్టికుక్కలు దొరికాయి. అష్షూర్‌బనిపాల్ రాజు కాలానివి. చెడు లోపలికి రాకుండా నేలలో పాతిపెట్టినవి. ఒక్కో కుక్క మీద దాని పేరు చెక్కి ఉంది. ఒకదాని పేరు "ఆలోచించకు, కరిచెయ్!"

చార్మినార్ చాయ్

మా గల్లీలో ఉన్నది అదే. పేరు మాత్రం టామీ.

పెంకుల పంతులు

బిళ్ళ మిగిలిపోయింది. రోమన్ నాణేల్ని చూసి, ఆ ముఖాన్ని మట్టిలో అచ్చొత్తి, పైన బెజ్జం పెట్టి మెడలో వేసుకునేవాళ్ళు. కొండాపూర్‌లోనూ ఇలాంటి మట్టి బిళ్ళలు దొరికాయి. అసలు బంగారు నాణెం కొనలేనివాళ్ళ ఫ్యాషన్ కావచ్చు, రక్షరేకు కావచ్చు. మీదానికి బెజ్జం దగ్గరే విరిగిందంటే దారానికి ఒరిసి ఒరిసి పోయి ఉండాలి. లోపలి అంచు నున్నగా అరిగి ఉంటే ఎవరో చాలాకాలం వేసుకున్నట్టు.

మలక్‌పేట మధు (బుధవారం)

బెజ్జం పైవైపు నున్నగా అరిగి ఉంది. భూతద్దంలో చూశాను.

ఇప్పుడు అసలు వార్త. గద్వాల అక్క పోస్టు నిన్న రాత్రి అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, "ఏదీ, ఆ ఎద్దు ఇటు తే" అంది. చేతిలో తిప్పి తిప్పి చూసింది. పొట్ట కింద చిన్న గాటు ఉంది, నేను గమనించలేదు. "ఇది మీ నాన్న చేసింది రా" అంది.

మా నాయనమ్మది గద్వాల వైపే. నాన్న చిన్నప్పుడు అమావాస్యకి ఎద్దులు చేస్తే, తన ఎద్దు తెలియాలని పొట్ట కింద గోటితో గాటు పెట్టేవాడట. ఒకటి మాత్రం కరగకుండా దాచారని నాయనమ్మ చెప్పగా అమ్మ విన్నదట, చూడటం ఇదే మొదటిసారి. నాన్న పోయి ఆరేళ్ళు. అమ్మ ఇక మూసీ మాట ఎత్తలేదు.

గిలక్కాయ

నేను దాన్ని ఇనాంగావ్ ఎద్దుతో పోల్చి ఒక పెద్ద పోస్టు రాసి పెట్టుకున్నా. ఇప్పుడే డిలీట్ చేశా.

పెంకుల పంతులు

పక్కన తవ్వకం వస్తువులు, చీటీ మీద కోటగడ్డ. ఇంక నేను నమ్మేవాణ్ణే. డబ్బాలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకే కాలానివి కావు, మా క్లాసులో మొదటి రోజు చెప్పే పాఠమే ఇది.

మలక్‌పేట మధు (శనివారం)

నిన్న తీసుకెళ్దామనుకుంటే శుక్రవారం మ్యూజియాలకి సెలవని ఎవరో గుర్తుచేశారు. ఈ రోజు వెళ్ళాను. మిగతా మూడూ, చీటీ, డబ్బా అడుగు పొడితో సహా చూపించాను. వివరాలు రాసుకుని కాగితం ఇచ్చారు. ఆడబొమ్మ కొండాపూర్ తరహాదే అన్నారు. మెట్ల ముక్క సంగతి వాళ్ళూ చెప్పలేదు, ప్రమిదలో నలుపు పరీక్షించాల్సి ఉంటుందన్నారు. అది తేలేసరికి ఏళ్ళు పట్టొచ్చట.

ఎద్దు ఇంట్లోనే ఉంది. అమ్మ దేవుడి గూట్లో పెట్టి పొద్దునే పసుపు రాసింది. ఫెవిక్విక్ కాలు చూసి "నీ అతుకు మీ నాన్న పనిలా లేదు" అంది.

పెంకుల పంతులు

ఆ పసుపు తుడవకండి. దూదిలో ఒక చీటీ రాసి పెట్టండి: ఎవరు చేశారు, ఏ ఊళ్ళో, ఏ అమావాస్యకి, పొట్ట కింద గాటు ఎందుకు, ఏ కాలు ఎవరు అతికించారు. తేదీ వేయడం మాత్రం మర్చిపోకండి.